నురగ పొంగిన గంట

నురగ టవర్ నెత్తికెక్కి అక్కడా ఆగడం లేదు. ముద్దలు ముద్దలుగా పైకి పొంగి, సముద్రపు గాలికి తెగి, బూడిద మోసే పైపుల మీద, ఆగి ఉన్న కార్ల మీద, అతిథుల కోసం పొద్దున్నే గేటుకు కట్టిన అరటి బోదెల మీద పడుతోంది. కంట్రోల్ రూమ్ అద్దానికి నుదురు ఆనించి చూస్తున్న మనస్వికి ఒక్క క్షణం అది అందంగా కనిపించింది. వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. వెనక అలారం మోగుతోంది, ఎవరో నొక్కి నోరు మూయిస్తున్నారు, ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ మోగుతోంది. టవర్ లోపలి ఒత్తిడిని చూపించే గీత తెర మీద మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. ఆపేయ్, ఆపేయ్ అంటోంది బుర్రలో ఒక గొంతు. ఆపితే అంతా పోయినట్టే అంటోంది ఇంకో గొంతు. రెండూ తనవే. నిధులిచ్చే కమిటీ ఢిల్లీ నుంచి వచ్చి గెస్ట్‌హౌస్‌లో ఇడ్లీ తింటోంది, గంటలో ఇక్కడుంటుంది. వాళ్లు వచ్చేసరికి ప్లాంటు నడుస్తూ ఉండాలి, లేదా నడవకుండా చేసినవాడు దొరికి ఉండాలి. రెండోదాని కోసం ఒక మనిషిని పట్టి సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టేశారు కూడా. ఆ మనిషి పేరు పాల్‌రాజ్. ఆ పేరు చెప్పింది తనే.

"ఎన్నమ్మా అక్కడ నిలబడ్డావ్? మందు డోసు పెంచు!" ప్లాంటు పెద్ద దామోదరన్ సార్ కేక. ఆయన అరిస్తే తమిళం, బతిమాలితే ఇంగ్లీషు, ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నాడు. పొద్దున్నించి ఒకే చొక్కా, వీపంతా తడిసి అట్టకట్టింది. డోసు పెంచింది. నురగని చంపే సిలికాన్ మందు డబ్బాలో అడుగుకొచ్చింది, ఇంకో డబ్బా లేదు. ఎంత తేలికైన సంగతి, అనుకుంది, ప్లాంటు చూడ్డానికి వచ్చే కాలేజీ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పలేదు తను: పక్కనున్న థర్మల్ స్టేషన్ పొగలోంచి ఒక చిన్న పాయని ఇటు మళ్లిస్తామమ్మా, చల్లార్చి, కడిగి, ఈ టవర్ అడుగు నుంచి పైకి పంపుతాం, పై నుంచి అమీన్ ద్రావణం జల్లుగా దిగుతుంది, దిగుతూ దిగుతూ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని ఒడిసి పట్టుకుంటుంది, పక్క టవర్‌లో ఆవిరితో వేడెక్కిస్తే దాన్ని వదిలేసి మళ్లీ పనికొస్తుంది, అంతే. అంతే అని చెప్పి నవ్వేది. ఆ ద్రావణంలోకి రాకూడనిది చిటికెడు వస్తే చాలు, జల్లు కాస్తా పాలపొంగు అవుతుందని ఎవరికీ చెప్పలేదు. పొంగితే పొగ పైకి పోలేదు, ద్రావణం కిందికి రాలేదు, మధ్యలో ఇరుక్కుని టవర్ ఊపిరాడక కొట్టుకుంటుంది. ఇప్పుడు కొట్టుకుంటోంది. ఏం కలిసింది? ఎక్కణ్ణించి కలిసింది? బూడిదా? కాదు, బూడిదైతే ముందే రంగు మారేది. కంప్రెసర్ నూనెనా? నూనె నురగ ఇలా నిలబడదు, పగిలిపోతుంది. ఇది పగలడం లేదు. ఇది నిలబడింది. సబ్బు నురగలా.

సబ్బు అన్న మాట పొద్దున్నే ఎవరి నోట మొదట వచ్చిందో గుర్తులేదు. దేవేంద్రన్ నోటనే అయుంటుంది, సెక్యూరిటీ ఆఫీసరు, ఆయనకు ప్రతిదీ కుట్రే. పాల్‌రాజ్ అల్మారా పగలగొడితే బట్టల సబ్బు పొడి పొట్లం దొరికింది. కాంట్రాక్టు పనివాడి అల్మారాలో సబ్బు పొడి కాక వెండి కంచం దొరుకుతుందా, అప్పుడే అనాల్సింది, అనలేదు. దేవేంద్రన్ అడిగింది ఒకటే ప్రశ్న: నిన్న సాయంత్రం ద్రావణం ఉన్న పరికరం ఏదైనా ఎవరైనా తెరిచారా? ద్రావణాన్ని వడకట్టే ఫిల్టర్ డబ్బా తెరిచారు, లోపలి గుడ్డ సంచి మార్చారు అంది. ఎవరు మార్చారు? పాల్‌రాజ్. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. నిజమే కదా. నిజమే. కానీ ఆ నిజానికి దేవేంద్రన్ కళ్లలో ఒక మెరుపు వచ్చింది, ఆ మెరుపు చూసి కూడా తను మాట వెనక్కి తీసుకోలేదు. పాల్‌రాజ్ కాట్టుపల్లి షిప్‌యార్డులో పని పోగొట్టుకుని ఇక్కడికి వచ్చినవాడు. వచ్చిన నెలలోనే కాంట్రాక్టు వాళ్లకు కూడా గ్యాసు మాస్కులు ఇవ్వాలని గేటు దగ్గర గొడవ చేశాడు. మాస్కులు వచ్చాయి, ఆయన మీద గుర్తూ పడింది. అలాంటివాణ్ణి దొరకబుచ్చుకుంటే ఎంత సుఖం అందరికీ. తనకూ సుఖంగానే అనిపించింది, ఒక పావుగంట.

కాళ్లు ఆమెను అడక్కుండానే సెక్యూరిటీ గది వైపు నడిచాయి. నురగ ముద్ద ఒకటి భుజం మీద పడింది, చేప కుళ్లినట్టు అమీన్ వాసన. గది తలుపు దగ్గర దేవేంద్రన్ ఫోన్లో పోలీసు స్టేషన్‌తో మాట్లాడుతున్నాడు, ఆత్తిపట్టు గేటు దగ్గరికి జీపు పంపమని. లోపల ప్లాస్టిక్ కుర్చీలో పాల్‌రాజ్. తన కంటే వయసులో పెద్ద, అయినా ఇద్దరివీ పళ్ళిపట్టు పక్క ఊళ్లేనని తెలిసిన రోజు నుంచి ఎగతాళికి అక్కా అని పిలుస్తాడు.

"ఏమక్కా, నన్ను జూసేదానికొచ్చినావా, పట్టిచ్చేదానికొచ్చినావా?"

"ఏమేసినావో చెప్పన్నా. చెప్తే నేను మాట్లాడతాను."

"సబ్బు పొడేసినానంట. నా సొక్కా జూడు, అది సబ్బు మొగం జూసి ఎన్నాళ్లయిందో!" నవ్వాడు, నవ్వు సగంలో తెగింది. "అక్కా, నేను రాక్‌లో సంచి తీసినా, పాతది పీకినా, కొత్తది పెట్నా, మూత బిగిచ్చినా. మీ నాయన నేసిన సంచే గదా, ఇంగేముంది దాంట్లో? నా పెండ్లాము షర్మిలకు ఫోన్ జేసేదానికి కూడా ఇడవలేదు నన్ను. సందేళకు బిడ్డను ఆస్పత్రికి తీసకపోవాల. ఆయమ్మ ఒక్కతే యాడికి పోతాది?"

మీ నాయన నేసిన సంచే గదా. బయటికి వచ్చేసింది. ఎండ తల మీద పలకలా పడింది. మీ నాయన నేసిన సంచి. ఆ సంచి కథ దామోదరన్ సార్ ప్రతి అతిథికీ చెబుతాడు, తనని పక్కన నిలబెట్టుకుని మరీ. విదేశీ ఫిల్టర్ సంచులు రేవులో ఇరుక్కుపోయిన వారం, ప్లాంటు ఆగిపోతుందని అందరూ తలలు పట్టుకున్నప్పుడు, నీ ఊళ్లో మగ్గాలున్నాయన్నావు కదమ్మా, మందం బట్ట నేస్తారా అని అడిగింది ఆయనే. పొదటూరుపేటలో నాయన జయరామ మరమగ్గాలు రెండూ అప్పటికి మూలన పడి ఉన్నాయి, లుంగీలు అడిగేవాడు లేడు, మగ్గం మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆర్డర్ తీసుకుని తను ఇంటికి వెళ్లిన రోజు నాయన లేచి వెళ్లి మగ్గానికి నూనె పోశాడు, అంతే. ఆ రాత్రి వీధి మొత్తానికి వినిపించేలా మగ్గం ఆడింది. తను అమ్మానాన్నల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది: గంజి పెట్టొద్దు, నూనె రాయొద్దు, సబ్బు తగలనివ్వొద్దు, ఉత్త వేణ్ణీళ్లలో ఉడకేసి ఆరేయండి. గంజి పెట్టకుండా బట్ట బయటికిస్తే సిగ్గుచేటు పాపా, బట్టలేని బట్టలాగుంటాదే అన్నాడు నాయన. ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి సంచులు వచ్చాయి, గోధుమ రంగులో, పత్తి గింజ నలకలతో, అక్కడక్కడ మగ్గం నూనె మచ్చలతో. బట్ట ముక్కని మంచి ద్రావణంలో ముంచి, సీసాలో వేసి గిలకొట్టి చూసింది. నురగ లేచి వెంటనే చచ్చిపోయింది. బాగున్నాయి. ప్లాంటు ఆ సంచులతో వారాల తరబడి నడిచింది, ఒక్క అలారం లేకుండా. పరీక్ష కాని సంచి ఏదీ లోపలికి పోకూడదు, పరీక్ష అయినవి మాత్రమే పై రాక్‌లో ఉండాలి, ఆ నియమం పెట్టింది దామోదరన్ సార్. పాల్‌రాజ్ తీసింది పై రాక్‌లోంచే. అంటే బాగున్న సంచి. అంటే సంచి కాదు. మరి ఏది?

స్టోర్ గది తాళం తీసింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు. పై రాక్‌లో సంచులు మడత పెట్టి ఉన్నాయి. తెల్లగా.

తెల్లగా ఎందుకున్నాయి?

ట్యూబ్‌లైట్ వెలుతురేమో అనుకుని ఒకటి లాగి గుమ్మం దగ్గరికి తెచ్చింది. తెలుపే. పాల మీగడ తెలుపు. నలకలున్నాయి, నేత అదే, అంచు కుట్టు అమ్మదే, చివర ముడి ఎడమ చేత్తో వేసే ముడి, ఇంకెవరికీ రాదు. కానీ నూనె మచ్చల్లేవు. ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, కళ్లు మూసుకుంది, పీల్చింది. ముక్కు ముందు గుర్తుపట్టింది, బుర్ర వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చింది. శుక్రవారం. పెరటి బండ. వెచ్చటి ఇత్తడి బిందె. అమ్మ మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్న తన తల, కళ్లు మూసుకోవే, మండుతాది అన్న మాట, అయినా తెరిచిన కళ్లు, ఆ మంట, ఆ ఏడుపు, చేతుల నిండా పొంగి మోచేతుల దాకా కారే ఆ లేత గోధుమ రంగు నురగ, ఎన్ని చెంబులు పోసినా వదలని నురగ. పట్టుచీర మీద కుంకుమ పడితే, దేవుడి పట్టువస్త్రం ఉతకాలంటే, కడుపుతో ఉన్న పిల్ల మొదటి చీర తడపాలంటే, సబ్బు ముట్టుకోకూడని ప్రతి మంచి బట్టకూ ఆ ఇంట్లో ఒకటే మందు. కుంకుడుకాయ. సబ్బు తగలనివ్వొద్దు అంది తను. తగలనివ్వలేదు వాళ్లు. అమ్మా, అమ్మా, ఎంత జాగ్రత్తగా చేశావే అమ్మా. కానీ ఎప్పుడు? ఈ సంచులు తను పరీక్షించి రాక్‌లో పెట్టినవే. రాక్‌లో ఉన్న సంచులు పొదటూరుపేట ఎలా వెళ్లాయి, మళ్లీ తెల్లబడి రాక్‌లోకి ఎలా వచ్చాయి? వీటికి కాళ్లొచ్చాయా?

ల్యాబ్‌లో కత్తెర దొరకలేదు, పళ్లతోనే అంచు తెంపింది. మంచి ద్రావణం, బట్ట ముక్క, సీసా, మూత. గిలకొట్టింది. నురగ మూత దాకా లేచి అక్కడే నిలబడింది. దాన్ని చూస్తూ తనూ నిలబడింది. బుడగ బుడగకీ ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది, చిన్న చిన్న కిటికీల్లా. చచ్చిపో, చచ్చిపో అంటోంది లోపల. చావడం లేదు. టవర్ మీదున్నదీ ఇదే, సీసాలో ఉన్నదీ ఇదే. అయితే పాల్‌రాజ్ కాదు. ఆ మాట మొదట సంతోషంగా తగిలింది. పాల్‌రాజ్ కాకపోతే ఎవరు? ల్యాబ్ వెనక వరండాలో బూడిద పట్టిన మెట్టు మీద కూర్చుని ఫోన్ తీసింది. దూరంగా దేవేంద్రన్ జీపు జీపు అంటున్నాడు. అటువైపు మొదట మగ్గం చప్పుడు, తర్వాత అమ్మ.

"పాపా? ఈ యాళప్పుడు చేసినావేంది? అన్నం తిన్న్యావా?"

"అమ్మా, సంచులు మళ్లీ ఉతికినావా?"



"ఉతికినా. నీకెవురు జెప్పినారు? నీకు జెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్న్యాడే ఆయప్ప!"

"ఏ ఆయప్ప?"

"మీ సారే మే! కిర్తిక పండగకు తిరుత్తణి కొండెక్కి, దిగినంక కారేస్కోని నేరుగా మనింటికొచ్చినాడు. నేను ఇంట్లో గూడ లేను, నీళ్ల కొళాయి కాడుండా. మీ నాయన చాప ఏసినాడు, కూసున్న్యాడు, మజ్జిగ తాగినాడు. నేనొచ్చినంక కారులోంచి సంచుల మూట దింపినాడు. ఎంత పెద్దమనిసి, చాప మింద కూసున్న్యాడు సూడు. అమ్మా, సంచులు బాగుండాయి గానీ మచ్చలుండాయి, ఢిల్లీ వోళ్లు మూత తెరిసి జూస్తారు, తెల్లగా జేసియ్యండి, మనస్వికి జెప్పొద్దు, చెప్తే సీసాలో ఏసి గిలకొడతా కూసుంటాది, టైం లేదు అన్న్యాడు. మన ఊరి బట్ట ఫోటోల్లో బాగుండాలని అన్న్యాడు పాపా. సబ్బొద్దన్న్యావు గదా, సబ్బు కాడికే పోలేదు నేను. పట్టుకేసినట్టు కుంకుడు రసంలో నానేసినా రాత్రంతా. మర్నాడు కొళాయి రాలా, ఒక్క తడవే జాడిచ్చినా. కారు పంపిచ్చి తీసకపోయినాడు. ఏమే, పలకవేం? ఏమయింది?"

చెప్పింది. ఎలా చెప్పిందో, ఏ మాటలతో చెప్పిందో తెలియదు. పాల్‌రాజ్ సంగతి చెప్పింది, జీపు సంగతి చెప్పింది. అటువైపు మగ్గం ఆగిపోయింది, నాయన కూడా వింటున్నాడన్న మాట.

"మే," అంది అమ్మ, గొంతు తగ్గించి. "నా పేరు జెప్పు. తులసమ్మ జేసిందని జెప్పు. సదువురాని ముండ, తెలవక జేసిందని జెప్పు. నన్నేం జేస్తారు, ఉద్యోగం పీకుతారా? ఆయప్ప పేరు ఎత్తొద్దు. మనింట్లో మజ్జిగ తాగినాడు. నీకు పని ఇచ్చినాడు, మగ్గానికి పని ఇచ్చినాడు. ఆ పాల్‌రాజు ఇంటికి బోతాడు, సార్ సీట్లో సార్ ఉంటాడు, నీ సీట్లో నువ్వుంటావు. నా పేరుతో పోతాది."

ఫోన్ పెట్టేశాక మెట్టు మీదే కూర్చుండిపోయింది, కూర్చోలేక లేచింది, లేచి ఎటు పోవాలో తెలియక మళ్లీ కూర్చుంది. ఎంత సులువు. అమ్మ పేరు. పొదటూరుపేట దాటి ఎవరికీ తెలియని పేరు, బట్ట మీద ఎప్పుడూ రాయని పేరు. ఆసు తోడింది, కండె చుట్టింది, కుట్టింది, ఉతికింది, బిల్లు మీద మాత్రం జయరామ అని నాయన పేరు. ఆ పేరు మొదటిసారి ఒక పెద్ద గదిలో వినపడేది నేరస్తురాలిగానా? అయినా ఎవరికి నష్టం? ఆలోచించు, మనస్వీ, ఆలోచించు, నీకు ఆలోచించడానికే జీతం. అమ్మ పేరు చెబితే కమిటీ ఏమనుకుంటుంది? పల్లెటూరి బట్ట, చేటు తెచ్చింది, వద్దు. అంతే, మగ్గం మళ్లీ మూలన పడుతుంది, ఈసారి ఎప్పటికీ. కానీ బట్ట తప్పు లేదు. ఉడకేసిన బట్టతో ప్లాంటు వారాల తరబడి నడిచింది. పరీక్ష దాటిన సంచిని రాక్‌లోంచి తీసి, మళ్లీ ఉతికించి, పరీక్ష తప్పించి, పరీక్ష అయిన రాక్‌లోనే పెట్టిన చెయ్యి ఒకటుంది. ఆ చెయ్యి తన నెత్తిమీద పెట్టి దీవించిన చెయ్యి. ఇంటర్వ్యూలో తమిళంలో చదివిన తను ఇంగ్లీషు వెతుక్కుంటూ తడబడుతుంటే, నువ్వు ఏ భాషలో ఆలోచిస్తావో ఆ భాషలో చెప్పమ్మా అన్న మనిషి. రాత్రి షిఫ్టులో జ్వరం వస్తే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లి, బయట బెంచీ మీద నిద్రపోయిన మనిషి. ఆయన దొంగ కాదు. ఫోటోలో బట్ట తెల్లగా ఉండాలనుకున్నాడు. మన ఊరి బట్ట అనుకున్నాడు, తనది కాని ఊరిని మన ఊరు అనుకున్నాడు. తెలియదా ఆయనకు? నురగ మొదలైనప్పుడు ఒక్కసారైనా సంచి గుర్తురాలేదా? గుర్తురాలేదేమో. గుర్తొచ్చి తోసేశాడేమో. పాల్‌రాజ్ అల్మారా పగలగొట్టమని దేవేంద్రన్ అన్నప్పుడు సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తను అప్పుడు ఆయన వీపే చూసింది. ఆ వీపుకు ఏం తెలుసు?

ముందు పని. ఫిల్టర్ డబ్బాకు వెళ్లే వాల్వు మూసేసింది, ద్రావణాన్ని బొగ్గు పొర వైపు తిప్పింది, అది కొంతైనా పీల్చుకుంటుంది. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే మనసు వేరే చోట తిరుగుతోంది, ఊరి బస్సులో, తిరుత్తణి స్టాండులో, కిటికీలోంచి పూలదండలు లోపలికి తోసే ఆడవాళ్ల చేతుల మధ్య. కాసేపటికి గీత ఎక్కడం మానేసింది. దిగడం లేదు, కానీ ఎక్కడం లేదు. ప్లాంటు ఆగదు. అంటే ఇక మిగిలింది మనిషే. ఎవరూ ఏమీ అడగకపోతే, నురగ దానంతటదే తగ్గిందంటే, పాల్‌రాజ్ అన్నని వదిలేయండి సార్ పాపం అని మెల్లగా అంటే? వదలరు. పోలీసులకు చెప్పాక వదలరు, చెప్పినవాడు తప్పయిపోతాడు గనక. గేటు దగ్గర కార్ల తలుపులు పడిన చప్పుడు. కమిటీ. వాళ్ల వెనకే నీలం లైటు జీపు. దేవేంద్రన్ పాల్‌రాజ్‌ని మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు, పాల్‌రాజ్ తల దించుకోలేదు, నురగ పడిన అరటాకుల్ని చూస్తూ నడుస్తున్నాడు, చెప్పు ఒకటి జారితే ఆగి తొడుక్కుంటానన్నా ఆగనివ్వడం లేదు. ఒంటి చెప్పుతో నడుస్తున్నాడు. ఆ ఉత్త పాదం కాలే సిమెంటు మీద పడుతూ లేస్తూ, పడుతూ లేస్తూ. అది చూశాక మనస్వి పరిగెత్తింది. సీసా చేతిలోనే ఉంది.

మీటింగ్ గదిలో ఏసీ చలి, మల్లెపూల వాసన, బిస్కెట్ల ప్లేట్లు. బల్ల చివర ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దావిడ, నెరిసిన జుట్టు, కళ్లద్దాల పైనుంచి చూస్తోంది. దామోదరన్ సార్ నిలబడి చెబుతున్నాడు, బతిమాలే ఇంగ్లీషులో, గొంతు బొంగురు పోయింది: విద్రోహం, మేడం, మా పద్ధతిలో లోపం లేదు, మనిషిని పట్టుకున్నాం, ఇదిగో మా ఇంజనీరు వచ్చింది, ఫిల్టర్ తెరిచిందెవరో పొద్దున చెప్పింది ఈమే. ఆయన తనని చూసి నవ్వాడు. తండ్రి నవ్వే నవ్వు. ఆ నవ్వులో భయం ఉందా, లేదా? వెతికింది. కనిపించలేదు. అయ్యో, ఈయనకు నిజంగా తెలియదేమో, మచ్చలు పోయిన సంచులు చూసుకుని మురిసిపోయి మర్చిపోయాడేమో, ఇప్పుడు తను నోరు తెరిస్తేనే ఈయనకూ తెలుస్తుందేమో. అందరి ముందు. ఇంత మంది ముందు. బయటికి పిలిచి చెబితే? సార్ ఒక్క నిమిషం అంటే? బయటికెళితే ఆయన ఏడుస్తాడు, తనూ ఏడుస్తుంది, ఇద్దరూ కలిసి మూడో పేరు ఒకటి వెతుకుతారు, ఆ మూడో పేరు తులసమ్మ అవుతుంది, లేకపోతే పాల్‌రాజే అవుతుంది. కిటికీ అవతల జీపు తలుపు తెరిచారు. సీసా బల్ల మీద పెట్టింది, దాంతో పాటు తెల్ల సంచి. నురగ ఇంకా అలాగే నిలబడి ఉంది.

"మేడం, ఈ సంచిని కుంకుడుకాయ రసంలో ఉతికారు. సబ్బులాంటిదే, చెట్టుకు కాస్తుంది. నురగ దీన్నించి వచ్చింది. ఉతికింది మా అమ్మ. ఉతకమంటే ఉతికింది." తన ఇంగ్లీషు ఇంత నిలకడగా ఎలా వస్తోందో తనకే వింతగా ఉంది. "నేను పరీక్ష చేసిన సంచులు వేరేలా ఉండేవి. వాటిని రాక్‌లోంచి తీసి మా ఊరు పంపారు, తిరిగొచ్చాక పరీక్ష లేకుండా మళ్లీ అదే రాక్‌లో పెట్టారు. పాల్‌రాజ్ ఉన్న సంచి తీశాడు, పెట్టాడు. ఆయన్ని జీపు ఎక్కించకండి."

దామోదరన్ సార్ సంచిని చూస్తున్నాడు. చెయ్యి చాపి ముట్టుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. ఇప్పుడు తెలిసింది ఆయనకు. తెలియడం ఎలా ఉంటుందో మనస్వి మొదటిసారి చూసింది: ముఖం మీద ఏమీ మారదు, భుజాలు మాత్రం కొంచెం కిందికి వస్తాయి. ఆయన ఏదన్నా అంటాడేమో, తనే అంటాడేమో, అంటే ఎంత బాగుండు, అనండి సార్, మీరే అనండి సార్. ఆయన బల్ల మీదున్న నీళ్ల గ్లాసు అందుకున్నాడు, తాగలేదు.

"ఎవరు పంపారు?" పెద్దావిడ మెల్లగానే అడిగింది. "నువ్వు ఎవరినీ కాపాడాల్సిన పని లేదమ్మా. ఆ సంచుల్ని తీయించి, ఉతికించి, మళ్లీ పెట్టించింది ఎవరు? నాకు పేరు కావాలి."

పేరు. ఈ ప్లాంటులో ఆయన్ని ఒట్టి పేరుతో పిలిచినవాళ్లు లేరు. టీ ఇచ్చే జ్యోతిక నుంచి డైరెక్టర్ దాకా సార్ అంటే ఆయనే. తను కూడా కలలో సైతం సార్ అనే అంది. మా సార్ అంటే సరిపోతుంది, అందరికీ అర్థమైపోతుంది, నాలుక దాని వైపే జారుతోంది. అలా అంటే మళ్లీ సగం దాచినట్టే, మర్యాద వెనక ఆయన్ని నిలబెట్టినట్టే. పొద్దున పాల్‌రాజ్ పేరు చెప్పేటప్పుడు ఏ మర్యాదా అడ్డం రాలేదు కదా, ఒట్టి పేరు చెప్పి పట్టించేసింది కదా. కిటికీ అవతల ఒంటి చెప్పు మనిషి జీపు మెట్టు మీద కాలు పెట్టాడు. బల్ల దగ్గర సార్ ఆమె వైపు చూశాడు, వద్దు అనే చూపు కాదు, బతిమాలే చూపూ కాదు, ఇంటర్వ్యూ రోజు చూసిన చూపే, చెప్పమ్మా అనే చూపు. ఆమెకు కళ్లు మండాయి. మూసుకోలేదు.

"దామోదరన్," అంది.